పాలకంటే ముందే పొంగిన సలహాలు

“పాలు పడకపోతే?”

ఈ మాట నేను పైకి అనేశాను. అప్పుడు నాకు ఏడో నెల. టైలర్ కొట్టులో నా స్టూలు మీద కూర్చుని ఎవరిదో తెల్లచొక్కాకి ఐదో కాజా కుడుతున్నాను. అప్పటికి జరిగిందేమీ లేదు. పిల్ల కడుపులోనే ఉంది. అయినా అనేశాను. నేనంతే. మబ్బు పట్టకముందే గొడుగుకి చిల్లు పడిందేమోనని విప్పి చూసుకునే మనిషిని.

నా మాటకి రెండు కుట్టుమిషన్లు ఆగిపోయాయి. కటింగ్ బల్ల దగ్గర మాస్టారు కత్తెర కింద పెట్టి, “అలా అనకమ్మాయ్. అంటే నిజంగానే పడవు” అన్నారు.

అదీ నాకు అందిన మొట్టమొదటి సలహా. ఆ తర్వాత మా ఇంట్లో సలహాకి ఏనాడూ కరువు రాలేదు. ఆ అనుభవంతోనే ఇవాళ మీ ముందుకొచ్చి ధైర్యంగా చెబుతున్నాను: బాలింతకి కావలసింది తిండి కాదు, మందు కాదు, నిద్ర అసలే కాదు. సలహా!

నవ్వకండి. నేను చదివింది పదో తరగతే, ఒప్పుకుంటాను. కానీ పదమూడు రోజుల్లో నేను విన్నదంతా అచ్చు వేయిస్తే, డాక్టరు చదువు చదివేవాళ్ళు ఇంకో ఆరేళ్ళు కాలేజీలోనే ఉండాల్సి వస్తుంది.

అడగందే అమ్మయినా పెట్టదని సామెత. ఆ సామెత కట్టినవాళ్ళు ఎప్పుడూ పురుడు పోసుకున్నట్టు లేరు. సలహా అడక్కుండానే పెడతారు. కడుపు నిండిందన్నా పెడతారు. చాలు చాలని చెయ్యి అడ్డం పెడితే చేతి మీద వడ్డిస్తారు. ఇంత దయ ఇంకెక్కడ దొరుకుతుంది?

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది రెండు గదుల వాటా. వీధిగదిలోనే మంచం, మంచం పక్కన ఉయ్యాల, ఉయ్యాల మీదుగా న్యాపీలు ఆరేసిన తాడు. మావారు లిఫ్టు మెకానిక్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి లాగి, ఇంటికొచ్చి తాను ఇరుక్కుంటారు. మా అత్తగారు ఆస్పత్రి లాండ్రీలో పాతికేళ్ళు దుప్పట్లు మడతపెట్టి రిటైరయ్యారు. మనిషి నెమ్మది. మాట ఇంకా నెమ్మది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి, ఆడవాళ్ళని మాత్రమే అడిగే మాట ఏదైనా ఉంటే నేను మా అత్తగారినే అడగాలి.

పిల్లకి పేరింకా కుదర్లేదు. పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందలు. మావారు చేతుల్లోకి తీసుకుని, “గుప్పెడుంది” అన్నారు. అప్పట్నుంచీ గుప్పెడే.

ఆస్పత్రిలో ఉన్న రెండు రోజులూ చిక్కగా, పసుపు రంగులో నాలుగేసి చుక్కలు వచ్చాయి. “ఇప్పటికి ఇదే దాని భోజనం. పొట్ట గోలీకాయంతే ఉంటుంది” అని వార్డు నర్సు నడుస్తూనే చెప్పి వెళ్ళిపోయింది. ముప్పై మంచాలకి ఇద్దరు నర్సులు. వాళ్ళకే కూర్చోడానికి తీరిక లేదు, నా పక్కన ఏం కూర్చుంటారు?

మూడో రోజు ఇంటికొచ్చాం. ఇక్కడ కూర్చునేవాళ్ళకి కొదవలేదు.

మొదట వచ్చింది మా పెద్దత్తయ్య. అంటే మా అత్తగారి తోడికోడలు. ఆవిడ గుమ్మంలో చెప్పు విడిచేలోపే రోగం ఏమిటో తేల్చగలరు. మంచం చివర కూర్చుని, గుప్పెడు ఏడుపు విని, “పాలు చాలడం లేదు” అన్నారు. ఎలా తెలుసని అడిగితే, “చాలితే ఎందుకేడుస్తుంది?” అన్నారు. ఇంత స్పష్టంగా మాట్లాడేవాళ్ళు పెద్దాస్పత్రుల్లో కూడా ఉండరు. వాళ్ళు చూస్తాం, పరీక్షిస్తాం అంటూ కాలం గడుపుతారు.

“ఇప్పుడే జాగ్రత్తపడు అమ్మాయ్” అన్నారు పెద్దత్తయ్య. “లేకపోతే ఇది కూడా మీ ఆయన్లా తయారవుతుంది. వాడు డబ్బా పాల పిల్లాడు. మూడు మెట్లెక్కితే ఆయాసం. లిఫ్టుల పని ఊరికే ఎంచుకున్నాడనుకున్నావా?”

మావారు నవ్వారు. ఆయనకది అలవాటే. చిన్నప్పుడు లెక్కల్లో తప్పితే డబ్బా పాలు, జలుబు చేస్తే డబ్బా పాలు, ముప్పై దాటాక జుట్టు పల్చబడితే అదీ డబ్బా పాలే. ముప్పై రెండేళ్ళుగా ఆ ఒక్క డబ్బా అయిపోలేదు. మా అత్తగారు మాత్రం ఆ మాట వినగానే ఏదో పొయ్యి మీద మాడిపోతున్నట్టు వంటింట్లోకి వెళ్ళారు. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక నేను అడిగాను.

“అత్తయ్యా, మీకు ఎన్నో రోజున పడ్డాయి పాలు?”

ఆవిడ న్యాపీ మడతపెడుతున్నారు. చెయ్యి ఆగింది. నాకేసి చూళ్ళేదు. ఆ న్యాపీని విప్పి, మళ్ళీ మొదట్నుంచి మడతపెట్టి, దొంతర మీద పెట్టి, లేచి వెళ్ళిపోయారు. తర్వాత అన్నం తిన్నావా అన్నారు, ఫ్యాను తగ్గించనా అన్నారు.

నాలాంటిదానికి ఇంతకంటే ఏం కావాలి? చెడ్డవార్త ఉన్నప్పుడు డాక్టర్లు కూడా అలాగే కళ్ళు దించుకుంటారని విన్నాను. ఈవిడ ఆస్పత్రిలో పాతికేళ్ళున్న మనిషి. నాకు పాలు పడవని ఆవిడకి తెలిసిపోయింది, చెప్పలేక ఊరుకున్నారు. ఇక గుప్పెడు చిక్కిపోతుంది, తర్వాత ఆస్పత్రి, తర్వాత... తర్వాతది మీకు చెప్పను. మీకు నిద్ర పట్టాలి కదా.

కాబట్టి నేను మిగతావాళ్ళ సలహాల మీద పడ్డాను. దాహంతో ఉన్నవాడికి బోరింగు దొరికినట్టే.

“నీళ్ళు బాగా తాగు” అంది పక్కవాటా ఆవిడ. తాగాను. “నీళ్ళెక్కువ తాగితే పాలు పల్చనవుతాయి” అంది వాళ్ళ చెల్లెలు. గ్లాసు దింపాను. “పడుకుని పట్టు, నడుం నిలబడుతుంది” అన్నారొకరు. “పడుకుని పట్టావో చెవిలోకి పోతాయి” అన్నారింకొకరు. నేను సగం లేచి, మోచేతి మీద ఆనుకుని, పడుకున్నట్టూ కూర్చున్నట్టూ కాకుండా పట్టాను. అందరి మాటా దక్కింది. నా మెడ మాత్రం దక్కలేదు.

“అది నిద్రపోయేటప్పుడు నువ్వూ నిద్రపో” అని మావారి ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్లో చెప్పారు. అది నిద్రపోయినప్పుడే చెప్పారు. నలభై నిమిషాలు చెప్పారు.

నొప్పి సంగతి కూడా చెప్పాలి. గుప్పెడు నోరు పెట్టిన ప్రతిసారీ నా కాలివేళ్ళు ముడుచుకుపోయేవి. నాలుగో రోజుకి చీలింది. ఐదో రోజుకి పుండైంది. పక్కింట్లో పిల్ల ఏడిస్తే కూడా నాకు చెమటలు పట్టేవి. ఎవరికి చెప్పినా ఒకటే మాట: “మొదట్లో అంతే. ఓర్చుకో.” ఎంత చక్కని మందు చూడండి. కొనక్కర్లేదు, నూరక్కర్లేదు, ఇచ్చేవాళ్ళకి చెయ్యి కూడా తడవదు.

ఇక అన్నిటికన్నా గొప్ప సలహా ఒకటుంది. అది రోజుకి పదిమంది చెప్పారు. “భయపడకు. భయపడితే పాలు ఎండిపోతాయి.”

అయ్యా, అమ్మా, నేను పుట్టిందే భయపడుతూ. ఇస్త్రీపెట్టె ఆపానో లేదో చూసుకోడానికి సగం దారి నుంచి వెనక్కొచ్చేదాన్ని. అలాంటిదాన్ని పట్టుకుని భయపడితే పాలు ఎండిపోతాయంటే ఏమవుతుంది? పాలు ఎండిపోతాయేమోనని భయం. భయపడ్డాను కాబట్టి ఎండిపోయుంటాయని ఇంకో భయం. చివరికి నవ్వుతూ పట్టడం మొదలుపెట్టాను. పుండు మీద పిల్ల నోరు, నా మొహం మీద నవ్వు. మావారు చూసి జడుసుకున్నారు.

అప్పుడొచ్చారు పై వాటా టీచరమ్మ. ఆవిడ ఏ పనైనా పద్ధతిగా చేస్తారు. “టైము లేకుండా పట్టడమేంటి? అటు పది నిమిషాలు, ఇటు పది నిమిషాలు. అంతే. ఇప్పుడు అలవాటు చేస్తేనే రేపు క్రమశిక్షణ వస్తుంది” అన్నారు. ఆరు రోజుల పిల్లకి టైంటేబులు ఇచ్చారు. ఇంటర్వెల్ కూడా ఇచ్చారు, మూడు గంటలు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటారా? ఆ మాటలో ఒక అంకె ఉంది. భయస్తులకి అంకె దొరికితే దేవుడు దొరికినట్టే. మావారు వెంటనే నా ఫోన్లో అలారం పెట్టారు. ఆయన దగ్గర ఉన్న గొంతులన్నీ లిఫ్టులవి. కాబట్టి పది నిమిషాలు కాగానే మా ఇంట్లో ఒకావిడ తియ్యగా అనేది: “దయచేసి తలుపు వేయండి.”

ఆ మాట వినగానే నేను గుప్పెడు నోటి చివర వేలు పెట్టి విడిపించేదాన్ని. అది నోరు తెరుచుకుని గాల్లో వెతుక్కునేది. “టైమైపోయిందమ్మా” అనేదాన్ని. మళ్ళీ తలుపు వేయండి అనేదాకా రెండోవైపు. ఆ తర్వాత అదెంత ఏడ్చినా, మూడు గంటలు గడవాలి కదా, ఎత్తుకుని గదిలో తిరిగేదాన్ని. ఏడ్చే బిడ్డకే పాలని సామెత ఉంది గాని, అందులో ఎన్ని గంటలకి ఏడవాలో చెప్పలేదు.

మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఇదంతా చూసేవారు. ఒకట్రెండు సార్లు నోరు తెరిచినట్టు కనిపించారు. ఆ లిఫ్టావిడ తలుపు వేయమనగానే మూసుకునేవారు.

నేను నా వంతు కృషి కూడా చేశాను. కొట్టులో పని చేసినదాన్ని, కొలతలు తెలిసినదాన్ని. ఆస్పత్రిలో ఉన్నప్పుడు అక్కడి టేపు అడిగి తీసుకుని గుప్పెడు తొడ కొలిచాను. ఆరుంబావు అంగుళాలు. ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే నా పచ్చ టేపుతో కొలిచి, కొలతల పుస్తకంలో రాసేదాన్ని. నడుము, చాతీ, భుజం అని అచ్చేసి ఉన్నచోట కొట్టేసి ‘తొడ’ అని రాశాను. మూడో రోజు ఆరు. నాలుగో రోజు ఆరు. ఎనిమిదో రోజు ఆరుకి ఒక దారప్పోగు తక్కువ. నేను మంచం మీద కూలబడ్డాను.

మాస్టారికి ఫోన్ చేస్తే అంతా విని, “ఏ టేపు? పచ్చదా?” అన్నారు. “అది సాగిపోయిందనే కదా పోయినేడాది పక్కన పడేశాను. దాంతో కొలిస్తే నేను కూడా సన్నగానే ఉంటాను.”

ఎంత నిమ్మళించానో చెప్పలేను. ఒక్క రోజు నిమ్మళించాను. తొమ్మిదో రోజు పిల్లల డాక్టరు దగ్గర కాటా ఉంది. కాటా సాగదు.

రెండు కిలోల ఆరు వందల యాభై.

పుట్టినప్పటికన్నా పావుకిలో తక్కువ. టేపు అబద్ధమాడింది, కాటా నిజం చెప్పింది, రెండూ చెప్పింది ఒకటే మాట.

డాక్టరు గారు మంచివారే. “మొదటి వారంలో కొంచెం తగ్గడం మామూలేనమ్మా. కానీ ఈపాటికి మళ్ళీ ఎక్కుతూ ఉండాలి. నాలుగు రోజులు చూద్దాం. ఎక్కకపోతే పైనుంచి డబ్బా పాలు మొదలుపెడదాం. ఈలోపు రోజుకి ఆరు న్యాపీలు తడవకపోయినా, పిల్ల మగతగా ఉన్నా, ఆగకుండా తీసుకొచ్చెయ్యండి” అన్నారు.

డబ్బా అన్న మాటకి నా వెనక సంచీ పట్టుకుని నిలబడ్డ మా అత్తగారి చేతిలోంచి సంచీ జారింది. వంగి తీసుకున్నారు.

బయట కాటా గదిలో ఒక నర్సమ్మ ఉంది. యాభై పైబడి ఉంటాయి, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. నా మొహం చూసి, కాలితో ఒక స్టూలు లాగి నా ఎదురుగా కూర్చుంది.

“పట్టు. చూస్తాను.”

నేను ముందు నా కేసు చెప్పబోయాను. నీళ్ళ సంగతి, మెడ సంగతి, భయం సంగతి, టేపు సంగతి.

“అవన్నీ తర్వాత. ముందు పట్టు.”

గుప్పెడు మీదకి వంగి, రొమ్ము పట్టుకుని దాని నోట్లో పెట్టాను. కాలివేళ్ళు ముడుచుకున్నాయి. నర్సమ్మ చూస్తూ కూర్చుంది. నా మొహం కాదు, పిల్ల నోరు. ఈ తొమ్మిది రోజుల్లో నా మొహం చూసినవాళ్ళున్నారు, నా కంచం చూసినవాళ్ళున్నారు, నా పక్కగుడ్డ మాసిందని చూసినవాళ్ళున్నారు. పిల్ల నోరు చూసిన మనిషిని చూడటం నాకదే మొదలు.

“దయచేసి తలుపు వేయండి” అంది నా ఫోను. గుప్పెడు నోటి చివర వేలు పెట్టి విడిపించాను.

నర్సమ్మ తలుపుకేసి చూసింది. “వేసే ఉందిగా?”

“అది అలారమండి. పది నిమిషాలైందని.”

“ఎవరికి?”

“పిల్లకి.”

“అదేమన్నా ఆఫీసుకెళ్ళాలా?”

నేను తలొంచుకున్నాను. గుప్పెడు గాల్లో వెతుక్కుంటోంది.

“చూడమ్మా, అది ఎక్కకముందే రైలుని కదిలించేస్తున్నావ్. కడుపు నిండిందని దానికి తెలుస్తుంది, అదే వదిలేస్తుంది. అప్పుడు రెండోవైపు ఇవ్వు. ఇక పట్టించే తీరు. అది చివర పట్టుకుని వేలాడుతోంది. అందుకే నీకు పుండు, దానికి ఆకలి.” కళ్ళజోడు పెట్టుకుంది. “నువ్వేం పని చేస్తావ్?”

“కాజాలు కుడతానండి. గుండీలు వేస్తాను.”

“చొక్కాకి గుండీ పెట్టేటప్పుడు గుండీని లాక్కెళ్ళి కాజాలో కుక్కుతావా?”

“కుక్కితే ఊడిపోతుందండి. గుండీ ఉన్నచోటే ఉంటుంది. కాజానే దాని మీదకి తీసుకొస్తాం.”

“మరి ఇక్కడ వంగి వంగి ఎందుకు కుక్కుతున్నావ్?”

పదకొండేళ్ళుగా లక్ష కాజాలు కుట్టిన మనిషిని. నా చేతికి తెలిసిన సంగతే నా ఒంటికి తెలియలేదు.

నర్సమ్మ నన్ను వెనక్కి ఆనించింది. గుప్పెడు పొట్ట నా పొట్టకి ఆనేలా పక్కకి తిప్పింది. ముక్కు ఎదురుగా చనుమొన వచ్చేలా పెట్టి, “ఇప్పుడు ఆగు” అంది. గుప్పెడు వెతికింది. ముక్కుతో పొడిచింది. “ఆగు.” ఆవలించినట్టు నోరు ఇంత చేసింది. “ఇప్పుడు పిల్లని తీసుకురా. నువ్వు వెళ్ళకు.”

తీసుకొచ్చాను. గడ్డం ఒత్తుకుంది. కింది పెదవి బయటికి మడతపడింది. నేను కాలివేళ్ళు ముడవడానికి సిద్ధంగా ఉన్నాను. ముడవాల్సిన అవసరం రాలేదు.

“వినిపించిందా?” అంది నర్సమ్మ.

ముందు ఏమీ వినిపించలేదు. తర్వాత చాలా చిన్నగా, సూది గుడ్డలోంచి దిగినంత చిన్నగా, గుటక. ఇంకొకటి. ఇంకొకటి.

“ఏడ్చేదాకా ఆగకు. ఏడుపొచ్చేసరికి దానికి ఓపిక పోతుంది. చేతులు నోట్లో పెట్టుకున్నా, తల తిప్పి వెతికినా పట్టెయ్. పగలూ రాత్రీ కలిపి ఎనిమిదిసార్లో పన్నెండుసార్లో అవుతుంది. లెక్కపెట్టాలనిపిస్తే తడిసిన న్యాపీలు లెక్కపెట్టు. అన్నట్టు, ఆ టేపు ఇటివ్వు.”

ఇచ్చాను. సొరుగులో పడేసింది.

గుమ్మం దగ్గర మా అత్తగారు అలాగే నిలబడి ఉన్నారు. ఆవిడ నన్ను చూడటం లేదు, గుప్పెడునీ చూడటం లేదు. ఆ స్టూలుని చూస్తున్నారు.

ఇక నాలుగు రోజులు. ఇంటికి రాగానే మా అత్తగారు వంటింట్లో పీట... కాదు, పీటైతే ఎత్తు చాలదని, వెళ్ళి పై వాటా నుంచి స్టూలు అడిగి తెచ్చారు. మంచం పక్కన వేసుకుని కూర్చున్నారు. సలహా ఏమీ చెప్పలేదు. నేను వంగితే వీపు మీద చెయ్యి వేసేవారు, నేను వెనక్కి ఆనుకునేదాన్ని. గుప్పెడు గడ్డం పక్కకి పోతే వేలితో చూపించేవారు. అంతే.

పదో రోజు పెద్దత్తయ్య వచ్చారు. ఆవిడతో ఇంకో ఇద్దరు. అప్పటికి గుప్పెడు తాగుతోంది. మా అత్తగారు స్టూలు మీంచి లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

“పిల్ల పాలు తాగుతోంది అక్కా.”

“తాగితే తాగనీ. నేనేమన్నా గుంజుకుంటానా? మంచం చివర కూర్చుంటాను.”

“సాయంత్రం రా.”

“అదేంటే, పరాయిదాన్నా నేను? పాలు చాలుతున్నాయో లేదో చూసిపోదామని...”

“చూడాలంటే స్టూలు ఒకటే ఉంది. దాని మీద నేను కూర్చున్నాను.”

అని తలుపు వేశారు.

ముప్పై ఏళ్ళు దాటిన తోడికోడళ్ళ చరిత్రలో అది మొదటి తలుపు. ఆ మాట మా ఇంట్లో లిఫ్టావిడ రోజుకి పదహారుసార్లు ఎంతో మర్యాదగా చెప్పింది. విన్నది మా అత్తగారొక్కరే.

అలారం మావారు తీసేశారు. పుండు మీద పాలచుక్కే రాసి ఆరనిచ్చాను, నర్సమ్మ చెప్పినట్టు. పదకొండో రోజు న్యాపీలు ఆరు తడిశాయి. పన్నెండో రోజు ఎనిమిది. మావారు డ్యూటీలోంచి ఫోన్ చేసి, “ఎన్ని?” అనేవారు. “ఏడు” అంటే అవతల ఎవరో చప్పట్లు కొట్టిన చప్పుడు వినిపించేది. పన్నెండంతస్తుల బిల్డింగులో ఇరుక్కుపోయినవాళ్ళకి కూడా మా న్యాపీల సంగతి తెలిసిపోయిందన్నమాట. నేను మాత్రం పదమూడో రోజు పొద్దున్న తడిసిన న్యాపీని చేత్తో తూకం వేసి చూస్తూ, ఇది నిజంగా తడిసిందా, లేక నా చెయ్యే తడిగా ఉందా అని ఆలోచిస్తున్నాను. మనిషి ఒక్కరోజులో మారదు.

పదమూడో రోజు కాటా మీద అంకె ఎగిరి, ఊగి, ఆగింది. రెండు కిలోల ఎనిమిది వందల పది.

డాక్టరు గారు కాగితం మీద చిన్న గీత గీసి, “ఎక్కుతోంది. ఇలాగే కానివ్వండి. వచ్చే వారం కనబడండి” అన్నారు. నేను, “నిజంగానేనాండీ? కాటా సరిగ్గానే ఉందా?” అన్నాను. నర్సమ్మ లోపల్నుంచి, “టేపు తెమ్మంటావా?” అంది.

ఇప్పుడు చెప్పండి, సలహాలు వరమా, కాదా?

నా మాట నేను మార్చను. వరమే. ఒక్క చిన్న షరతు. మీరు బాలింతని చూడ్డానికి వెళ్ళినప్పుడు మీ సలహాని జేబులో పెట్టుకునే వెళ్ళండి. కానీ ముందు ఒక స్టూలు లాక్కోండి. కూర్చోండి. పిల్ల నోరు చూడండి. పిల్ల తాగి, తానంతట తానే వదిలేసేదాకా చూడండి. అప్పటికీ మీ సలహా చల్లారకుండా ఉంటే చెప్పండి. చల్లారిపోతే న్యాపీలు మడతపెట్టి వెళ్ళండి. నా లెక్క ప్రకారం ఈ షరతు పెడితే ప్రపంచంలో సలహాలు నూటికి రెండు మిగులుతాయి, మడతపెట్టిన న్యాపీలు మాత్రం కొండలా పెరుగుతాయి.

డబ్బా మీద నాకు కోపం లేదు. నాలుగు రోజుల తర్వాత ఆ అంకె ఎక్కకపోయి ఉంటే నేనే కలిపి పట్టేదాన్ని, తల్లి కడుపు తరుక్కుపోవడం కన్నా పిల్ల కడుపు నిండటం ముఖ్యం. డబ్బా పాలు తాగిన నా మొగుడు ఇవాళ పదిమందితో మధ్యలో ఆగిపోయిన లిఫ్టుని కిందికి దింపగలడు. నాకు కోపమున్నది చూడకుండానే ‘పాలు లేవు’ అనే మాట మీద. అనేవాళ్ళకి అది ఒక్క నిమిషం. పడినవాళ్ళు ఎంతకాలం మోస్తారో నాకు ఆ మధ్యాహ్నం దాకా తెలియదు.

ఆ పదమూడో రోజు ఆస్పత్రి నుంచి వచ్చి అన్నాలు తిన్నాం. గుప్పెడు తాగి, తానే వదిలేసి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. మా అత్తగారు స్టూలు మీద కూర్చుని తాడు మీది న్యాపీలు ఒక్కొక్కటే తీసి మడతపెడుతున్నారు. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. నిద్రపోతున్నానని అనుకున్నారో, లేదో.

“మూడో రోజున నువ్వొకటి అడిగావు” అన్నారు.

నేను కదల్లేదు.

“ఎన్నో రోజున పడ్డాయో నాకు తెలియదమ్మా. రెండో రోజే మీ పెద్దత్తయ్య డబ్బా కలిపి తెచ్చింది. ఆమె తప్పు కాదులే. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, అందరూ కంగారుపడ్డారు. నీకు పాలు లేవన్నారు. అంతమంది అంటే నిజమే అనుకుంటాం కదా.”

మడతపెట్టిన న్యాపీని విప్పారు. మళ్ళీ మొదట్నుంచి మడతపెట్టారు.

“జాకెట్టు తడిసిపోయేది. రోజుకి రెండుసార్లు మార్చుకునేదాన్ని. పాలు లేవన్నారు కదా, చెమటనుకున్నాను.”